కెర్నల్ అప్‌డేట్ తర్వాత లినక్స్ బూట్ కాకపోతే: ఫార్మాట్ కొట్టకుండా బాగుచేసుకునే పద్ధతి

"అన్నా, రాత్రి అప్‌డేట్ పెట్టి పడుకున్న. పొద్దున ఆన్ చేస్తే నల్ల తెర మీద ఏవో ఇంగ్లీషు లైన్లు వచ్చి ఆగిపోతున్నయి. ఫార్మాట్ కొట్టుడేనా?"

హనుమకొండలో కంప్యూటర్లు బాగుచేసే నాకు ఇలాంటి ఫోన్లు నర్సంపేట నుంచి, జమ్మికుంట నుంచి, మంచిర్యాల నుంచి వస్తూనే ఉంటాయి. ఫోన్‌లో ముక్కలు ముక్కలుగా చెబితే సగం అర్థమవుతుంది, సగం పోతుంది. అందుకే మొత్తం ఒకచోట, చేయాల్సిన వరుసలో రాస్తున్నాను.

ముందు టెన్షన్ తగ్గించే మాట ఒకటి. కెర్నల్ అంటే కంప్యూటర్ హార్డ్‌వేర్‌ను నడిపే లినక్స్ గుండెకాయ. కొత్త కెర్నల్ పాతదాన్ని చెరిపేసి దాని స్థానంలో కూర్చోదు. పాతదాని పక్కనే విడిగా చేరుతుంది. నిన్నటిదాకా మీ కంప్యూటర్‌ను నడిపిన కెర్నల్ దాదాపు ఎప్పుడూ డిస్కులోనే ఉంటుంది. మీ ఫొటోలు, ప్రాజెక్టులు, లెక్కల ఫైళ్లు ఉండే హోమ్ ఫోల్డర్‌ను కెర్నల్ అప్‌డేట్ ముట్టుకోదు. పోయింది దారి మాత్రమే, ఇల్లు ఉన్నచోటే ఉంది.

ఈ పద్ధతి ఉబుంటు, లినక్స్ మింట్ వాడేవాళ్లకు నేరుగా పనికొస్తుంది. డెబియన్‌లో పద్ధతి ఇదే కానీ కెర్నల్ ప్యాకేజీల పేర్లు వేరుగా ఉంటాయి. ఫెడోరాలో ఆదేశాలు వేరు, వాటిలో ముఖ్యమైన ఒకదాన్ని అయిదో భాగం చివర చెప్పాను.

ఆదేశాలను ఫోన్‌లో పలికినట్టే తెలుగు అక్షరాల్లో రాశాను. టైప్ చేసేటప్పుడు ఇంగ్లీషు చిన్న అక్షరాలే వాడాలి (పదో భాగంలో విడిగా చెప్పినవి తప్ప). గీతలు, స్లాష్‌లు, ఖాళీలు ఇక్కడ ఎలా ఉన్నాయో అలాగే కొట్టండి. ఒక్క ఖాళీ తప్పినా ఆదేశం పనిచేయదు, కొన్నిసార్లు వేరే పని చేస్తుంది.

1. చెయ్యి పెట్టే ముందు

తెర మీద వచ్చినదాన్ని ముందు ఫోన్‌తో ఫొటో తీయండి. లైన్లు వేగంగా పరుగెత్తుతుంటే వీడియో తీసి తర్వాత ఆపి ఆపి చూడండి. చాలామంది చివరి లైన్ ఒక్కటే చదివి చెబుతారు. అసలు జబ్బు తరచుగా మొదట వచ్చిన ఎర్రర్‌లో ఉంటుంది, కిందివన్నీ దాని వెంట వచ్చినవి.

కింద రాసినవి దగ్గర పెట్టుకోండి:

- ల్యాప్‌టాప్ అయితే ఛార్జర్ పెట్టే ఉంచాలి. డెస్క్‌టాప్ అయితే యూపీఎస్ ఉన్న బోర్డు నుంచే కరెంటు.
- 8 జీబీ పెన్‌డ్రైవ్ ఒకటి. అందులో ఏమీ లేకపోవాలి, ఉన్నదంతా పోతుంది.
- పనిచేసే మరో కంప్యూటర్, స్నేహితుడిదైనా సరే, పెన్‌డ్రైవ్ తయారుచేయడానికి.
- ఒక కాగితం, పెన్ను. కెర్నల్ నంబర్లు, డిస్కు పేర్లు రాసుకోవడానికి.
- విండోస్ కూడా అదే కంప్యూటర్‌లో ఉంటే బిట్‌లాకర్ (విండోస్ డిస్కుకు వేసే తాళం) రికవరీ కీ. బయోస్‌లో (కంప్యూటర్ ఆన్ కాగానే మొదట నడిచే సెటప్) సెక్యూర్ బూట్ (సంతకం ఉన్న సాఫ్ట్‌వేర్‌నే లేవనిచ్చే రక్షణ) మారిస్తే విండోస్ ఆ కీ అడగొచ్చు.

కంప్యూటర్ బిగుసుకుపోతే పవర్ బటన్ పదే పదే నొక్కకండి. ఆల్ట్, ప్రింట్‌స్క్రీన్ రెండూ పట్టుకుని ఒక్కోటి రెండు క్షణాల ఎడంతో ఎస్, యు, బి అక్షరాలు నొక్కండి. మొదటిది డిస్కుకు రాయాల్సింది రాసేస్తుంది, రెండోది డిస్కును చదవడానికి మాత్రమే ఉంచుతుంది, మూడోది రీస్టార్ట్ చేస్తుంది. కొన్ని ల్యాప్‌టాప్‌లలో ఎఫ్‌ఎన్ కీ కూడా పట్టుకోవాలి. దానికీ పలకకపోతే అప్పుడు పవర్ బటన్‌ను పది సెకన్లు నొక్కిపట్టండి.

2. ఎక్కడ ఆగిందో గుర్తుపట్టడం

"బూట్ అయితలేదు" అన్న ఒక్క మాట కింద అయిదారు వేర్వేరు జబ్బులు ఉంటాయి. ఎక్కడ ఆగిందో తెలిస్తే సగం పని అయినట్టే.

- కంపెనీ లోగో తర్వాత "నో బూటబుల్ డివైస్" అంటే కెర్నల్ దాకా పోనేలేదు. బయోస్ లేదా డిస్కు సంగతి చూడాలి.
- "గ్రబ్" అనే పదం, పక్కన గుర్తు, మెరిసే కర్సర్ మాత్రమే ఉంటే గ్రబ్ (ఏ కెర్నల్‌తో లేవాలో మెనూ చూపించి దాన్ని లేపే చిన్న ప్రోగ్రాం) తన మెనూను కనుక్కోలేకపోయింది. ఎనిమిదో భాగానికి వెళ్లండి.
- "కెర్నల్ ప్యానిక్" అని వచ్చి "అనేబుల్ టు మౌంట్ రూట్ ఎఫ్‌ఎస్ ఆన్ అన్‌నోన్ బ్లాక్ (0,0)" అంటే కొత్త కెర్నల్‌కు తోడుగా ఉండాల్సిన ఇనిట్‌ర్యామ్‌ఎఫ్‌ఎస్ ఫైల్ (లేచేటప్పుడు డిస్కును చదవడానికి కావాల్సిన డ్రైవర్లు, అంటే మాడ్యూళ్లు, ఉండే ఫైల్) లేదు, లేదా పాడైంది. నాలుగు, అయిదు భాగాలు మీకే.
- బ్రాకెట్లలో "ఇనిట్‌ర్యామ్‌ఎఫ్‌ఎస్" అని ప్రాంప్ట్ (ఆదేశం కోసం ఎదురుచూసే లైన్) వస్తే కెర్నల్ లేచింది కానీ డిస్కు దొరకలేదు, లేదా డిస్కులో తప్పులున్నాయి. ఏడో భాగం చూడండి.
- లోగో వచ్చి నల్ల తెర, ఫ్యాన్ తిరుగుతూనే ఉంది, కంట్రోల్, ఆల్ట్, ఎఫ్3 కలిపి నొక్కితే లాగిన్ అడుగుతోంది: ఇది గ్రాఫిక్స్ డ్రైవర్. ఆరో భాగం.
- "ఎ స్టార్ట్ జాబ్ ఈజ్ రన్నింగ్" అని నిమిషంన్నర లెక్కపెట్టి ఎమర్జెన్సీ మోడ్‌లోకి పోతే కెర్నల్ మీద అనుమానం వద్దు. ఎఫ్‌ఎస్‌టాబ్ ఫైల్‌లో (బూట్ అయ్యేటప్పుడు తగిలించాల్సిన డిస్కుల జాబితా) రాసి ఉన్న ఏదో డిస్కు ఇప్పుడు కంప్యూటర్‌కు తగిలించి లేదు. ఎక్కువగా ఊడదీసిన ఎక్స్‌టర్నల్ హార్డ్‌డిస్క్ అయి ఉంటుంది.

కీబోర్డులో క్యాప్స్ లాక్ లైటు దానంతట అదే మిణుకుమంటుంటే అదీ కెర్నల్ ప్యానిక్ గుర్తే. తెర నల్లగా ఉన్నా ఈ లైటు సంగతి చెప్పేస్తుంది.

3. పాత కెర్నల్‌తో లేపడం

నాకు వచ్చే ఫోన్లలో ఎక్కువ శాతం ఈ మెట్టు దగ్గరే తేలిపోతాయి. అందుకే దీన్ని దాటి ముందుకు దూకొద్దు.

1. కంప్యూటర్‌ను పూర్తిగా ఆపి మళ్లీ ఆన్ చేయండి.
2. కంపెనీ లోగో కనిపించగానే ఎస్కేప్ కీని ఒక్కసారి నొక్కండి. పాత బయోస్ పద్ధతి కంప్యూటర్ అయితే షిఫ్ట్ నొక్కిపట్టండి.
3. మెనూలో "అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్" అన్న రెండో వరుసను ఎంచుకోండి.
4. అక్కడ కెర్నళ్లు నంబర్ల వారీగా ఉంటాయి. పైనున్నది కొత్తది. దాని కిందున్న పాత నంబర్‌ను, "రికవరీ మోడ్" అని లేనిదాన్ని, ఎంచుకుని ఎంటర్ కొట్టండి.

ఎస్కేప్‌ను కంగారుగా నాలుగైదు సార్లు కొడితే మెనూ దాటిపోయి గ్రబ్ ప్రాంప్ట్ వస్తుంది. భయపడొద్దు. అక్కడ "నార్మల్" అని టైప్ చేసి ఎంటర్ కొట్టి, వెంటనే ఒకసారి ఎస్కేప్ నొక్కండి. మెనూ మళ్లీ వస్తుంది.

పాత కెర్నల్‌తో డెస్క్‌టాప్ వచ్చేసిందా? అయితే హార్డ్‌వేర్, డిస్కు, ఫైళ్లు అన్నీ బాగున్నట్టే. ముఖ్యమైన ఫైళ్లను ఇప్పుడే పెన్‌డ్రైవ్‌కో ఎక్స్‌టర్నల్ డిస్కుకో కాపీ చేసుకోండి. బాగుచేయడం ఆ తర్వాత. ఈ వరుస తిప్పొద్దని నేను ప్రతి ఒక్కరికీ చెబుతాను, ఎందుకంటే కాపీ ఉన్న మనిషి నిదానంగా పనిచేస్తాడు.

పాత కెర్నల్ కూడా ఎక్కడో ఆగితే, ఎక్కడో చూడాలి. మెనూలో ఆ వరుస మీద ఉండగా ఇంగ్లీషు 'ఇ' అక్షరం (ఎలిఫెంట్‌లో మొదటిది) నొక్కండి. "లినక్స్" అనే పదంతో మొదలయ్యే పొడుగాటి లైన్ దొరుకుతుంది. దాని చివర ఉన్న "క్వైట్ స్ప్లాష్" అన్న రెండు పదాలు తీసేసి ఎఫ్10 నొక్కండి. లోగో బదులు ప్రతి అడుగూ తెర మీద కనిపిస్తుంది. ఈ మార్పు ఈ ఒక్కసారికే, రీస్టార్ట్ చేస్తే మామూలు అయిపోతుంది. ధైర్యంగా చేయొచ్చు.

4. బూట్ విభాగం నిండిందా?

పాత కెర్నల్‌తో లేచాక టెర్మినల్ తెరిచి మొదట ఇవి రెండూ కొట్టండి.

యునేమ్ -ఆర్

డీఎఫ్ -హెచ్ /బూట్

మొదటిది ఇప్పుడు ఏ కెర్నల్ మీద నడుస్తున్నారో చెబుతుంది. ఆ నంబర్ కాగితం మీద రాసుకోండి. ఇది మీరు నిలబడ్డ కొమ్మ, దీన్ని తీసేసే ఆదేశం ఏదీ ఈ రోజు కొట్టకూడదు. రెండోది బూట్ విభాగంలో (డిస్కులో కెర్నల్ ఫైళ్లు ఉండే చోటు) ఎంత చోటు మిగిలిందో చూపిస్తుంది.

మా వీధిలో ఒక జిరాక్స్ సెంటర్ ఉంది. ప్రాజెక్టు రిపోర్టుల సీజన్‌లో పొద్దున ఏడింటికే పిల్లలు వరుస కడతారు. ఒకరోజు ఆ తమ్ముడు పరుగున వచ్చాడు, సిస్టం ప్యానిక్ అని. పాత కెర్నల్‌తో లేపి చూస్తే బూట్ విభాగం మొత్తమే అర జీబీకి కొంచెం తక్కువ, వాడకం 100 శాతం. అప్పుడు ఈ ఆదేశం కొట్టాం:

ఎల్‌ఎస్ -ఎల్‌హెచ్ /బూట్

వచ్చిన జాబితాలో "వీఎంలైనజ్" అని మొదలయ్యేవి కెర్నళ్లు. "ఇనిట్‌ఆర్‌డీ" అని మొదలయ్యేవి వాటికి తోడుండే ఇనిట్‌ర్యామ్‌ఎఫ్‌ఎస్ ఫైళ్లు. ప్రతి కెర్నల్‌కూ అదే నంబర్‌తో ఒక జంట ఉండాలి. వేలు పెట్టి ఒక్కోటి జత కలుపుతూ వచ్చాం. పాతవాటికి తొంభై ఎంబీ పైచిలుకుతో జంటలు ఉన్నాయి. కొత్తదానికి జంటే లేదు. రాత్రి అప్‌డేట్ నడుస్తుండగా "నో స్పేస్ లెఫ్ట్ ఆన్ డివైస్" అన్న లైన్ వచ్చి పైకి పోయింది, ఎవరూ చూడలేదు. గ్రబ్ మాత్రం కొత్త కెర్నల్‌ను మెనూలో పైన చేర్చేసింది. తోడు లేని కెర్నల్ లేచి, డిస్కును చదివే మాడ్యూల్ దొరక్క ప్యానిక్ అయింది. చోటు ఖాళీ చేసి బాగుచేయడానికి పావుగంట పట్టింది. ఫార్మాట్ కొట్టి ఉంటే ఆ రోజు దుకాణం మూసుకోవాల్సి వచ్చేది.

చోటు ఖాళీ చేసే ఆదేశం:

సుడో ఆప్ట్ ఆటోరిమూవ్ --పర్జ్

తీసేయమంటారా అని అడిగినప్పుడు ఒప్పుకునే ముందు తీసేయబోయే జాబితా చదవండి. యునేమ్ ఇచ్చిన నంబర్ అందులో ఉంటే ఎన్ నొక్కి ఆగండి.

విభాగం పూర్తిగా నిండిపోతే ఈ ఆదేశం కూడా ఎర్రర్ ఇస్తుంది, ఎందుకంటే ప్యాకేజీ తీయాలన్నా కాస్త చోటు కావాలి. అలాంటప్పుడు (యునేమ్ చూపినది కాకుండా) అన్నిటికంటే పాత కెర్నల్ తోడు ఫైల్‌ను చెరపకుండా హోమ్ ఫోల్డర్‌కు జరపండి. ఉదాహరణకు ఆ నంబర్ 6.8.0-41 అయితే:

సుడో ఎంవీ /బూట్/ఇనిట్‌ఆర్‌డీ.ఐఎంజీ-6.8.0-41-జెనరిక్ ~/

సుడో ఆప్ట్ --ఫిక్స్-బ్రోకెన్ ఇన్‌స్టాల్

సుడో ఆప్ట్ పర్జ్ లినక్స్-ఇమేజ్-6.8.0-41-జెనరిక్

జరిపిన ఫైల్‌ను అంతా బాగయ్యాక తీసేయొచ్చు. బూట్ ఫోల్డర్‌లో ఆర్‌ఎం ఆదేశం వాడటం నాకు ఇష్టం ఉండదు. ఒక్క నంబర్ తప్పు పడితే వెనక్కి తెచ్చుకునే దారి ఉండదు, జరిపితే ఉంటుంది.

5. సగంలో ఆగిన అప్‌డేట్‌ను పూర్తి చేయడం

ఎండాకాలం సాయంత్రం గాలిదుమారం లేచిందంటే మా దగ్గర కరెంటు పోవడం మామూలే. యూపీఎస్ బ్యాటరీ ముసలిదైతే అప్‌డేట్ సగంలోనే కంప్యూటర్ ఆగిపోతుంది. ప్యాకేజీలు కొన్ని విప్పి, కొన్ని అమర్చకుండా మిగిలిపోతాయి. బూట్‌లో చోటు ఉందని తేలాక ఈ వరుసలోనే కొట్టండి:

1. సుడో డీపీకేజీ --కాన్ఫిగర్ -ఎ
2. సుడో ఆప్ట్ --ఫిక్స్-బ్రోకెన్ ఇన్‌స్టాల్
3. సుడో అప్‌డేట్-ఇనిట్‌ర్యామ్‌ఎఫ్‌ఎస్ -సి -కె 6.8.0-52-జెనరిక్
4. సుడో అప్‌డేట్-గ్రబ్

మూడో దాంట్లో నంబర్ ఉదాహరణకే రాశాను. మీ కొత్త కెర్నల్ నంబర్ ఏదో బూట్ జాబితాలో చూసి అదే వేయండి. "-సి" అంటే కొత్తగా తయారుచేయమని. ఫైల్ ఉండి పాడైందని అనుమానమైతే "-సి" బదులు "-యు" వేయండి.

నాలుగో ఆదేశం జవాబును చదవండి. "ఫౌండ్ లినక్స్ ఇమేజ్" అని కెర్నల్ పేరు వచ్చిన వెంటనే "ఫౌండ్ ఇనిట్‌ఆర్‌డీ ఇమేజ్" అని అదే నంబర్‌తో ఇంకో లైన్ రావాలి. రెండో లైన్ రాకపోతే రీస్టార్ట్ చేయకండి, చేసినా అదే ప్యానిక్. మూడో ఆదేశం ఏం ఎర్రర్ ఇచ్చిందో పైకి జరిపి చూడండి.

ఇంకా కుదరకపోతే కెర్నల్ ప్యాకేజీలనే మళ్లీ వేయించండి:

సుడో ఆప్ట్ ఇన్‌స్టాల్ --రీఇన్‌స్టాల్ లినక్స్-ఇమేజ్-6.8.0-52-జెనరిక్ లినక్స్-మాడ్యూల్స్-6.8.0-52-జెనరిక్

కొత్త కెర్నల్‌తో బూట్ అయింది కానీ వైఫై లేదు, సౌండ్ లేదు అంటే "లినక్స్-మాడ్యూల్స్-ఎక్స్‌ట్రా" అన్న ప్యాకేజీ అదే నంబర్‌తో పడలేదేమో చూడండి. ఫోన్‌ను యూఎస్‌బీ తీగతో కలిపి టెథరింగ్ పెట్టుకుంటే వైఫై లేకున్నా నెట్ వస్తుంది.

ఫెడోరాలో మూడో ఆదేశం బదులు "సుడో డ్రాకట్ --ఫోర్స్ --కేవెర్" అని రాసి నంబర్ ఇవ్వాలి. అక్కడ మామూలుగా మూడు కెర్నళ్లు నిలిచి ఉంటాయి, మెనూ చివర రెస్క్యూ వరుస కూడా ఒకటి ఉంటుంది.

6. నల్ల తెర, గ్రాఫిక్స్ డ్రైవర్

ఎన్విడియా కార్డు ఉన్నవాళ్లకు ఎక్కువగా వచ్చే బాధ ఇది. ఎన్విడియా డ్రైవర్, వర్చువల్‌బాక్స్, కొన్ని బ్రాడ్‌కామ్ వైఫై డ్రైవర్లు కెర్నల్‌లో భాగం కావు. ప్రతి కొత్త కెర్నల్‌కూ వాటిని మళ్లీ తయారుచేయాలి. ఆ పని డీకేఎంఎస్ అనే ప్రోగ్రాం చేస్తుంది. హెడర్స్ ప్యాకేజీ (డ్రైవర్ తయారీకి కావాల్సిన కెర్నల్ ఫైళ్లు) లేకపోతే అది ఆ పని చేయలేకపోతుంది.

గ్రబ్ మెనూలో కొత్త కెర్నల్ మీద ఇంగ్లీషు 'ఇ' అక్షరం నొక్కి, "లినక్స్" లైన్ చివర ఒక ఖాళీ ఇచ్చి "నోమోడ్‌సెట్" అని చేర్చి ఎఫ్10 కొట్టండి. తెర తక్కువ రెజల్యూషన్‌లో వచ్చినా వస్తుంది. తర్వాత:

డీకేఎంఎస్ స్టేటస్

సుడో ఆప్ట్ ఇన్‌స్టాల్ లినక్స్-హెడర్స్-6.8.0-52-జెనరిక్

సుడో డీకేఎంఎస్ ఆటోఇన్‌స్టాల్

స్టేటస్‌లో కొత్త కెర్నల్ నంబర్ పక్కన "ఇన్‌స్టాల్డ్" అని కనబడాలి.

అన్నీ సరిగా ఉండి కూడా డ్రైవర్ లోడ్ కాకపోతే సెక్యూర్ బూట్ చూడండి. "మోక్‌యుటిల్ --ఎస్‌బీ-స్టేట్" కొడితే ఆన్‌లో ఉందో లేదో చెబుతుంది. ఆన్‌లో ఉంటే సంతకం లేని డ్రైవర్‌ను కెర్నల్ లోపలికి రానివ్వదు. డ్రైవర్ వేసేటప్పుడు ఒక పాస్‌వర్డ్ పెట్టమంటుంది, రీస్టార్ట్ అయ్యాక నీలం తెర మీద "ఎన్‌రోల్ మోక్" అని వస్తుంది. చాలామంది ఆ నీలం తెరను చూసి భయపడి "కంటిన్యూ బూట్" కొట్టేస్తారు. అక్కడ ఎన్‌రోల్ ఎంచుకుని అదే పాస్‌వర్డ్ ఇవ్వాలి.

"బ్యాడ్ షిమ్ సిగ్నేచర్" అని గ్రబ్ దగ్గరే ఆగితే మీరు ఎక్కడి నుంచో తెచ్చి వేసిన కెర్నల్‌కు సంతకం లేదని అర్థం. ఉబుంటు ఇచ్చిన కెర్నల్‌తో లేచి, తెచ్చి వేసినదాన్ని తీసేయడమే నా సలహా.

7. డిస్కు దొరకలేదని ఆగితే

ఇనిట్‌ర్యామ్‌ఎఫ్‌ఎస్ ప్రాంప్ట్ వచ్చినప్పుడు దాని పైనున్న లైన్ చదవండి. రెండు రకాలు ఉంటాయి.

ఒకటి, "రన్ ఎఫ్‌ఎస్‌సీకే మాన్యువల్లీ" అని డిస్కు పేరుతో సహా అడుగుతుంది. ఎఫ్‌ఎస్‌సీకే అంటే డిస్కులో తప్పులు వెతికి సరిచేసే ఆదేశం. కరెంటు కోత తర్వాత ఇది మామూలు. ఆ పేరునే వాడి:

ఎఫ్‌ఎస్‌సీకే -వై /డెవ్/ఎస్‌డీఏ2

అయిపోయాక "రీబూట్". కానీ తెర మీద "ఐ/ఓ ఎర్రర్" అన్న లైన్లు కూడా ఉంటే ఆగండి. అది డిస్కే చచ్చిపోతున్న గుర్తు కావచ్చు. దాని మీద ఎఫ్‌ఎస్‌సీకే తిప్పితే ఉన్నదీ పోతుంది. పెన్‌డ్రైవ్ నుంచి లేపి ముందు ఫైళ్లు బయటికి తీయండి.

రెండోది, "యుయుఐడీ డజ్ నాట్ ఎగ్జిస్ట్" అంటుంది. యుయుఐడీ అంటే డిస్కులో ఒక్కో విభాగానికి ఉండే గుర్తింపు నంబర్. ప్రాంప్ట్ దగ్గర "బీఎల్‌కేఐడీ" అని కొట్టి చూడండి. మీ డిస్కు జాబితాలో ఉండి నంబర్ వేరైతే గ్రబ్‌లోనో ఎఫ్‌ఎస్‌టాబ్‌లోనో పాత నంబర్ ఉంది. జాబితాలో డిస్కే లేకపోతే ముందు మూడో భాగంలో చెప్పినట్టు పాత కెర్నల్‌తో చూడండి. దానితోనూ డిస్కు కనబడకపోతే ఇక కెర్నల్‌ను వదిలేసి బయోస్ తెరవండి.

ఇక్కడ చాలామంది మోసపోయే సంగతి ఒకటి ఉంది. పాత డెస్క్‌టాప్‌లలో మదర్‌బోర్డు మీదుండే నాణెం లాంటి బ్యాటరీ, ఎక్కువగా సీఆర్2032, అయిపోతే బయోస్ సెట్టింగులు మొదటికి వస్తాయి. డిస్కు మోడ్ ఏహెచ్‌సీఐ నుంచి రెయిడ్‌కు మారిపోతే లినక్స్‌కు డిస్కు కనబడకపోవచ్చు. అప్‌డేట్ చేసిన రోజే కరెంటు పోయి వచ్చింది కాబట్టి తప్పంతా అప్‌డేట్ మీద పడుతుంది. బయోస్‌లో తేదీ ఏదో పాత సంవత్సరం చూపిస్తుంటే బ్యాటరీ మార్చి, డిస్కు మోడ్‌ను మళ్లీ ఏహెచ్‌సీఐ చేయండి.

8. ఏ కెర్నలూ లేవకపోతే: పెన్‌డ్రైవ్ నుంచి లోపలికి వెళ్లడం

మీ కంప్యూటర్‌లో ఉన్న ఉబుంటు లేదా మింట్ ఏ వెర్షనో అదే వెర్షన్ ఐఎస్ఓ ఫైల్‌ను (ఇన్‌స్టాల్ డిస్కు నకలు) పెన్‌డ్రైవ్‌కు ఎక్కించండి. విండోస్‌లో రూఫస్ అనే ప్రోగ్రాం చాలు. బూట్ మెనూ కోసం డెల్, లెనోవో చాలావాటిలో ఎఫ్12, హెచ్‌పీలో ఎస్కేప్ తర్వాత ఎఫ్9, ఆసుస్ ల్యాప్‌టాప్‌లలో ఎస్కేప్. "ట్రై" అన్నదే ఎంచుకోండి, "ఇన్‌స్టాల్" జోలికి పోవద్దు.

టెర్మినల్‌లో ముందు డిస్కుల పటం చూడండి:

ఎల్‌ఎస్‌బీఎల్‌కే -ఎఫ్

"ఎక్స్‌ట్4" అని ఉన్న పెద్ద విభాగం మీ లినక్స్. "వీఫ్యాట్" అని ఉన్న చిన్నది ఈఎఫ్ఐ (కొత్త పద్ధతి కంప్యూటర్లలో బూట్ ప్రోగ్రాం ఉండే విభాగం). పేర్లు కాగితం మీద రాసుకోండి. కింద ఎస్‌డీఏ2, ఎస్‌డీఏ1 అని రాశాను, మీకు వేరే ఉంటాయి.

1. సుడో మౌంట్ /డెవ్/ఎస్‌డీఏ2 /ఎంఎన్‌టీ
2. బూట్ వేరే విభాగంగా ఉంటే దాన్ని /ఎంఎన్‌టీ/బూట్ మీద మౌంట్ చేయండి (అంటే తగిలించండి)
3. సుడో మౌంట్ /డెవ్/ఎస్‌డీఏ1 /ఎంఎన్‌టీ/బూట్/ఈఎఫ్ఐ
4. సుడో మౌంట్ --ఆర్‌బైండ్ /డెవ్ /ఎంఎన్‌టీ/డెవ్
5. ఇదే ఆదేశాన్ని ప్రాక్, సిస్, రన్ ఫోల్డర్లకు కూడా ఒక్కోసారి
6. సుడో సీహెచ్‌రూట్ /ఎంఎన్‌టీ

రెండో మెట్టు మరిచిపోవడం నేను ఎక్కువగా చూసే తప్పు. బూట్ వేరే విభాగంగా ఉన్నప్పుడు దాన్ని తగిలించకుండా పనిచేస్తే కొత్త ఫైళ్లన్నీ ఖాళీ ఫోల్డర్‌లో పడతాయి. అంతా బాగా అయినట్టే కనిపిస్తుంది, రీస్టార్ట్ చేస్తే మళ్లీ అదే ప్యానిక్. సీహెచ్‌రూట్ అయ్యాక ఒకసారి బూట్ ఫోల్డర్‌లో పాత కెర్నళ్లు కనబడుతున్నాయో లేదో చూసి అప్పుడే ముందుకు పోండి.

డిస్కుకు పాస్‌వర్డ్ లాక్ ఉంటే మౌంట్ కంటే ముందు "సుడో క్రిప్ట్‌సెటప్ ఓపెన్" తో తెరవాలి. అక్కడ ఇచ్చే పేరు మీ సిస్టంలోని క్రిప్ట్‌టాబ్ ఫైల్‌లో ఉన్న పేరే అయి ఉండాలి. వేరే పేరు ఇస్తే తయారయ్యే ఇనిట్‌ర్యామ్‌ఎఫ్‌ఎస్‌కు లాక్ తెరవడం రాదు.

సీహెచ్‌రూట్ తర్వాత మీరు మీ సొంత సిస్టం లోపల ఉన్నట్టే. నాలుగు, అయిదు భాగాల్లోని ఆదేశాలన్నీ ఇక్కడ సుడో లేకుండా కొట్టండి. నంబర్ ఒక్కటి జాగ్రత్త: ఇక్కడ యునేమ్ చూపించేది పెన్‌డ్రైవ్ కెర్నల్‌ను, మీదాన్ని కాదు. మీ నంబర్ బూట్ జాబితాలోంచే తీసుకోండి.

గ్రబ్ ప్రాంప్ట్ దగ్గర ఆగినవాళ్లు అదనంగా "గ్రబ్-ఇన్‌స్టాల్" కొట్టి, తర్వాత "అప్‌డేట్-గ్రబ్" కొట్టాలి. ఈఎఫ్ఐ లేని పాత పద్ధతి కంప్యూటర్లలో గ్రబ్-ఇన్‌స్టాల్‌కు మొత్తం డిస్కు పేరు ఇవ్వాలి. అంటే ఎస్‌డీఏ, చివర అంకె లేకుండా.

అయ్యాక "ఎగ్జిట్", "రీబూట్", పెన్‌డ్రైవ్ తీసేయడం.

9. చేయకూడనివి

- ఏమీ చూడకుండా మళ్లీ ఇన్‌స్టాల్ పెట్టి "ఎరేజ్ డిస్క్" ఎంచుకోవడం. ఇప్పటిదాకా భద్రంగా ఉన్న ఫైళ్లు పోయేది ఇక్కడే.
- మౌంట్ అయి ఉన్న విభాగం మీద ఎఫ్‌ఎస్‌సీకే తిప్పడం.
- నడుస్తున్న కెర్నల్‌ను పర్జ్ చేయడం (పూర్తిగా తీసేయడం).
- ఎవరో వీడియోలో చెప్పిన ఆదేశంలో డిస్కు పేరు మార్చకుండా అలాగే కొట్టడం.
- ఒకేసారి అయిదు మార్పులు చేయడం. ఒకటి చేసి, రీస్టార్ట్ చేసి చూసి, అప్పుడు ఇంకొకటి.

10. వచ్చే అప్‌డేట్‌కు ముందు

గ్రబ్ మెనూ ప్రతిసారీ అయిదు సెకన్లు కనబడేలా పెట్టుకోండి. /ఈటీసీ/డిఫాల్ట్/గ్రబ్ ఫైల్‌లో ఈ రెండు లైన్లు పెద్ద అక్షరాల్లో ఉంటాయి. విలువలు ఇలా మార్చి "సుడో అప్‌డేట్-గ్రబ్" కొట్టండి:

గ్రబ్_టైమౌట్_స్టైల్=మెనూ

గ్రబ్_టైమౌట్=5

"మెనూ" అన్న విలువ మాత్రం చిన్న అక్షరాల్లో రాయాలి.

పని ఒత్తిడి ఉన్న నెలలో, పరీక్షలప్పుడో ఆడిట్ అప్పుడో, కెర్నల్‌ను ఆపి ఉంచొచ్చు:

సుడో ఆప్ట్-మార్క్ హోల్డ్ లినక్స్-జెనరిక్ లినక్స్-ఇమేజ్-జెనరిక్ లినక్స్-హెడర్స్-జెనరిక్

పని తీరాక "హోల్డ్" బదులు "అన్‌హోల్డ్" పెట్టి తప్పకుండా విడిపించండి. భద్రతా సవరణలు కూడా కెర్నల్‌తోనే వస్తాయి, ఏడాదంతా ఆపి ఉంచితే కంప్యూటర్‌కే ముప్పు.

అప్‌డేట్ కొట్టే ముందు నేను చూసుకునేవి ఇవి:

- బూట్ విభాగంలో కనీసం 200 ఎంబీ ఖాళీ ఉందా
- పనిచేసే పాత కెర్నల్ ఒకటి మెనూలో ఉందా
- కరెంటు పోతే యూపీఎస్ పది నిమిషాలైనా నడుస్తుందా, మబ్బు పట్టి లేదు కదా
- టైమ్‌షిఫ్ట్ అనే ప్రోగ్రాంతో సిస్టం నకలు (స్నాప్‌షాట్) ఒకటి తీశానా, ముఖ్యమైన ఫైళ్లు వేరే డిస్కులో ఉన్నాయా
- ఎనిమిదో భాగంలో చెప్పిన లైవ్ పెన్‌డ్రైవ్ సొరుగులో ఉందా

అప్‌డేట్ అయ్యాక టెర్మినల్ మూసే ముందు చివరి ఇరవై లైన్లు చదవండి. "ఎర్రర్" అనో "నో స్పేస్" అనో ఉంటే రీస్టార్ట్ చేయకుండా నాలుగో భాగానికి వెళ్లండి, అప్పుడే సరిచేయడం చాలా తేలిక. ఏమీ లేకపోతే మీరు కంప్యూటర్ ముందు ఉండగానే రీస్టార్ట్ చేసి, లేచాక యునేమ్ కొట్టి కొత్త నంబర్ వచ్చిందో లేదో చూడండి. వైఫై, సౌండ్, ప్రింటర్ ఒక్కోటి పరీక్షించండి. పాత కెర్నల్‌ను వారం దాకా తీయకండి.